జావా లూప్‌లో అక్షరాల లెక్క తప్పినప్పుడు: వచ్చిన సంఖ్యను బట్టి తప్పును పట్టుకోవడం

ఒక స్ట్రింగ్‌లో ఫలానా అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే ప్రోగ్రాం జావా నేర్చుకునేవారికి మొదటి వారాల్లోనే ఎదురవుతుంది. పట్టుమని పది వరుసలు కూడా ఉండని ఈ ప్రోగ్రాంలో లూప్, షరతు, ఇండెక్స్, వేరియబుల్ పరిధి, డేటా రకం అన్నీ ఒకచోట కలుస్తాయి కనుక, వీటిలో ఏ ఒక్కటి సరిగా అర్థం కాకపోయినా ఆ లోపం నేరుగా జవాబులో బయటపడుతుంది. అలా బయటపడినప్పుడు చాలామంది చేసే పని ఏమిటంటే, సున్నాను ఒకటిగా మార్చి చూడడం, చిన్నది గుర్తు పక్కన సమానం గుర్తు చేర్చి చూడడం, చివరికి ఎలాగో సరైన సంఖ్య కనబడగానే ఊపిరి పీల్చుకోవడం. ఆ పద్ధతిలో తప్పు పోదు, మరో తప్పు వెనక దాక్కుంటుంది.

నిజానికి తప్పు జవాబు ఊరికే రాదు. ఎప్పుడూ సున్నాయే వస్తోందా, ఎప్పుడూ ఒకటే వస్తోందా, స్ట్రింగ్ పొడవుకు సమానంగా వస్తోందా, ఒకటి తక్కువ వస్తోందా, అసలు ప్రోగ్రాం ఆగకుండా తిరుగుతోందా అన్నదాన్ని బట్టి తప్పు ఎక్కడుందో చాలావరకు ముందే చెప్పవచ్చు. అందుకే ఈ మార్గదర్శిని తప్పుల పేర్ల వరుసలో కాక, తెరమీద కనిపించే లక్షణాల వరుసలో రాస్తున్నాను.

కోడ్ వరుసల గురించి ఒక మాట. ఫర్, ఇఫ్, ఇంట్ వంటి జావా మాటలను ఇక్కడ చదువుకోవడానికి వీలుగా తెలుగు అక్షరాల్లో రాశాను. ఎడిటర్‌లో టైప్ చేసేటప్పుడు మాత్రం వాటి ఇంగ్లిష్ స్పెల్లింగే వాడాలి. లెక్క, మాట అని మనం పెట్టుకున్న వేరియబుల్ పేర్లను తెలుగులోనే ఉంచినా జావా ఒప్పుకుంటుంది.

మొదటి మెట్టు: సరైన రూపాన్ని ఎదురుగా పెట్టుకోవడం

పరీక్షకు "గలగల" అనే మాటను తీసుకుందాం. దీన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇందులో గుణింతపు గుర్తులు, ఒత్తులు లేవు కనుక కంటికి కనిపించే నాలుగు అక్షరాలే జావాకు కూడా నాలుగు క్యారెక్టర్లు. పైగా మొదటి స్థానంలో "గ", చివరి స్థానంలో "ల" ఉన్నాయి కనుక, లూప్ మొదట్లో ఒక అడుగు తప్పినా, చివర ఒక అడుగు తప్పినా ఈ ఒక్క మాటే పట్టిస్తుంది.

స్ట్రింగ్ మాట = "గలగల";
ఇంట్ లెక్క = 0;
ఫర్ (ఇంట్ ఐ = 0; ఐ < మాట.లెంగ్త్(); ఐ++) {
    ఇఫ్ (మాట.చార్‌ఎట్(ఐ) == 'ల') {
        లెక్క++;
    }
}
సిస్టమ్.అవుట్.ప్రింట్‌ఎల్ఎన్(లెక్క);

దీని జవాబు 2. ఇందులో నాలుగు సంగతులను విడివిడిగా గమనించాలి. లెక్క అనే వేరియబుల్ లూప్‌కు బయట, లూప్‌కు ముందు పుట్టింది. ఐ విలువ 0 దగ్గర మొదలై 3 దగ్గర ఆగుతుంది, 4 అయిన క్షణాన లూప్ షరతు వీగిపోతుంది. పోలికలో ఉన్న 'ల' ఒంటి కొటేషన్ గుర్తుల మధ్య ఉంది, అంటే అది స్ట్రింగ్ కాదు, చార్ (ఒకే ఒక్క క్యారెక్టర్). ముద్రించే వరుస లూప్ మూసివేసిన తరువాత ఉంది. ఇకమీద చెప్పబోయే తప్పుల్లో అత్యధిక భాగం ఈ నాలుగింటిలో ఏదో ఒకటి చెదిరినప్పుడు పుట్టేవే.

రెండో మెట్టు: లూప్ లోపల ఏం జరుగుతోందో కళ్లారా చూడడం

ఏ మార్పూ చేయకముందే, లూప్ శరీరం చివర ఒక ముద్రణ వరుస చేర్చి, ప్రతి చుట్టులోనూ ఐ విలువను, ఆ స్థానంలోని క్యారెక్టర్‌ను, అప్పటి లెక్కను చూడాలి. సరైన ప్రోగ్రాంలో అది ఇలా కనిపిస్తుంది:

0 గ 0
1 ల 1
2 గ 1
3 ల 2

ఈ నాలుగు వరుసలను ముందు కాగితం మీద మీరే రాసుకుని, తరువాత ప్రోగ్రాం ఇచ్చినదానితో పోల్చండి. రెండూ ఏ వరుస దగ్గర విడిపోతాయో తప్పు అక్కడే ఉంటుంది. డీబగ్గర్ వాడడం వచ్చినవారు అదే పనిని దానితో చేయవచ్చు గాని, మొదట్లో కాగితం మీద చేయడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే అప్పుడు జవాబు ఎలా రావాలో ముందుగా మనమే నిర్ణయించుకోవలసి వస్తుంది.

ఈ ముద్రణ వరుసలోనే ఒక ఉచ్చు ఉంది. ఐ + మాట.చార్‌ఎట్(ఐ) అని రాస్తే అక్షరం రాదు, ఒక పెద్ద సంఖ్య వస్తుంది. జావాలో చార్ అనేది లోపల ఒక సంఖ్యే. 'ల' విలువ 3122, 'గ' విలువ 3095. వాటికి ఇంట్‌ను కూడితే కూడిక జరుగుతుందే తప్ప అతికింపు జరగదు. అందువల్ల 'ల' + 2 అని ముద్రిస్తే 3124 వస్తుంది. రెండింటి మధ్య " " అని జంట కొటేషన్ల మధ్య ఒక ఖాళీ ఉన్న స్ట్రింగ్‌ను చేర్చి, ఐ + " " + మాట.చార్‌ఎట్(ఐ) + " " + లెక్క అని రాస్తే, స్ట్రింగ్ తగిలిన చోటు నుంచి మిగిలినవన్నీ అతుక్కుంటూ పోతాయి.

జవాబు రాకుండా ఎక్సెప్షన్ వస్తే

స్ట్రింగ్ ఇండెక్స్ పరిధి దాటిందంటూ ఎక్సెప్షన్ (నడుస్తుండగా వచ్చే లోపపు సందేశం) చూపి ప్రోగ్రాం ఆగిపోయినప్పుడు, ఆ సందేశంలోని సంఖ్యను తప్పక చదవాలి. సందేశపు మాటలు జావా వెర్షన్‌ను బట్టి కొంత మారుతాయి గాని సంఖ్య మాత్రం ఉంటుంది. "గలగల" విషయంలో ఆ సంఖ్య 4 అయితే, అది స్ట్రింగ్ పొడవుకు సరిగ్గా సమానం. అంటే లూప్ ఒక అడుగు ఎక్కువ వేసింది. ఐ < బదులు ఐ <= అని రాసి ఉండడమే దీనికి తరచు కనిపించే కారణం. నాలుగు అక్షరాలున్నాయి కనుక నాలుగు వరకు వెళ్లాలన్న ఆలోచన సహజమే, కాని జావాలో స్థానాల లెక్క 0 నుంచి మొదలవుతుంది కనుక చివరి స్థానం ఎప్పుడూ పొడవు కంటే ఒకటి తక్కువ.

ఐ <= ను సరిచేయబోయి ఐ <= మాట.లెంగ్త్() - 1 అని రాసేవారున్నారు. అది తప్పు కాదు. ఐ < మాట.లెంగ్త్() - 1 అని రాస్తే మాత్రం చివరి అక్షరం లెక్కలోకి రాదు. రెండు మార్పులనూ ఒకేసారి చేయడం వల్ల కలిగే తప్పు ఇది. "గలగల"లో 'ల' కోసం వెతికితే 2కు బదులు 1 వస్తుంది, 'గ' కోసం వెతికితే మాత్రం సరైన జవాబే వస్తుంది. అలాగే ఐ ను 1 దగ్గర మొదలుపెడితే 'గ' లెక్క తగ్గి, 'ల' లెక్క సరిగా ఉంటుంది. జవాబు ఒకటి తక్కువగా వస్తున్నప్పుడు మొదటి అక్షరాన్ని ఒకసారి, చివరి అక్షరాన్ని ఒకసారి వెతికి చూస్తే, లూప్ ఏ కొసన కోసుకుపోయిందో వెంటనే తెలిసిపోతుంది.

ఇదే 4 అనే సంఖ్యతో ఇదే ఎక్సెప్షన్ ఇంకో దారిలో కూడా వస్తుంది, దాన్ని పట్టుకోవడం కాస్త కష్టం. ఫర్ వరుస చివర, బ్రాకెట్ మూసిన వెంటనే, పొరపాటున సెమికోలన్ పడితే లూప్ శరీరం ఖాళీ అవుతుంది. ఐ నాలుగు వరకు ఒట్టిగా పెరిగి లూప్ ముగుస్తుంది, దాని కింద ఉన్న బ్లాక్ ఆ తరువాత ఒక్కసారి మాత్రమే, ఐ విలువ 4 గా ఉన్నప్పుడు నడుస్తుంది. ఐ ను ఫర్ బ్రాకెట్లోనే ప్రకటించి ఉంటే కింది బ్లాక్‌లో ఐ ఎవరో తెలియదని కంపైలరే ఆపేస్తుంది. ఐ ను లూప్ బయట ప్రకటించే అలవాటున్నవారికి ఆ రక్షణ ఉండదు. లూప్ వేరియబుల్‌ను లూప్‌లోనే ప్రకటించమని చెప్పడానికి ఇది చాలా బలమైన కారణం.

సంఖ్య -1 అయితే ఐ++ బదులు ఐ-- అని రాసి ఉంటారు.

ఇండెక్స్‌తో పనే లేనప్పుడు ఈ బాధలన్నిటినీ తప్పించే మార్గం ఒకటుంది:

ఫర్ (చార్ సి : మాట.టుచార్‌అరే()) {
    ఇఫ్ (సి == 'ల') లెక్క++;
}

ఇక్కడ మొదలు, చివర అనే ప్రశ్నే లేదు కనుక హద్దుల తప్పు చేయడానికి అవకాశం ఉండదు. అయితే ఇండెక్స్ లూప్‌లో తప్పు ఎందుకు వచ్చిందో అర్థం చేసుకున్న తరువాతే దీనికి మారండి. పక్కపక్క అక్షరాలను పోల్చవలసిన లెక్క వచ్చిన రోజున ఇండెక్స్ మళ్లీ అవసరపడుతుంది.

ప్రోగ్రాం ఆగకుండా తిరుగుతుంటే

వైల్ లూప్ వాడేవారికి ఈ లక్షణం ఎక్కువగా కనిపిస్తుంది. ఐ++ రాయడం మరచిపోవడం ఒక కారణం, అది చూడగానే తెలుస్తుంది. దానికంటే మోసపూరితమైనది ఐ++ ఉండి కూడా ఇఫ్ బ్రాకెట్ల లోపల ఉండడం:

వైల్ (ఐ < మాట.లెంగ్త్()) {
    ఇఫ్ (మాట.చార్‌ఎట్(ఐ) == 'ల') {
        లెక్క++;
        ఐ++;
    }
}

"గలగల"లో మొదటి అక్షరం 'గ' కనుక షరతు నెరవేరదు, ఐ కదలదు, అదే 'గ' ను లూప్ మళ్లీ మళ్లీ చూస్తూ ఉండిపోతుంది. "లలల" అని ఇచ్చి పరీక్షించినవారికి మాత్రం ఈ ప్రోగ్రాం చక్కగా 3 అని చెప్పి ఆగుతుంది. వెతికే అక్షరంతోనే నిండిన స్ట్రింగ్‌తో పరీక్షించడం వల్ల ఇలాంటి తప్పు బయటపడదు. ముందుకు కదలడం అనేది అక్షరం దొరికిందా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా ప్రతి చుట్టులోనూ జరగవలసిన పని కనుక, ఐ++ ఎప్పుడూ ఇఫ్‌కు బయటే ఉండాలి.

ఎప్పుడూ సున్నాయే వస్తుంటే

దీనికి వెనక ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు నాలుగు కారణాలున్నాయి. లూప్ లోపలి ముద్రణ ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. ఇఫ్ లోపలికి ప్రోగ్రాం అడుగు పెడుతోందా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఇఫ్ లోపలికి వెళ్తున్నా లెక్క పెరగడం లేదంటే, లెక్క = లెక్క++ అన్న వరుస కోసం చూడండి. నేర్చుకునే రోజుల్లో నేను ఈ వరుస ముందు ఒక సాయంత్రమంతా కూర్చున్నాను, ఎందుకంటే చదివితే అందులో తప్పేమీ కనిపించదు. జావా దీన్ని నడిపే క్రమం ఇది: ముందు లెక్క పాత విలువ 0 ను పక్కన పెట్టుకుంటుంది, తరువాత లెక్కను 1 చేస్తుంది, ఆ తరువాత పక్కన పెట్టుకున్న 0 ను తిరిగి లెక్కలో రాస్తుంది. పెరిగిన విలువ అక్కడికక్కడే చెరిగిపోతుంది. ఎన్ని చుట్లు తిరిగినా సున్నా సున్నాగానే ఉంటుంది. లెక్క++ అని ఒంటరిగానైనా రాయాలి, లెక్క = లెక్క + 1 అనైనా రాయాలి, రెండింటినీ కలపకూడదు.

ఇఫ్ లోపలికే వెళ్లడం లేదంటే పోలికలో తప్పుంది. మాట.చార్‌ఎట్(ఐ) == "ల" అని జంట కొటేషన్లతో రాస్తే చార్‌ను స్ట్రింగ్‌తో పోల్చలేనని కంపైలరే చెబుతుంది, అది మంచిదే. ఆ హెచ్చరికను పోగొట్టడానికి కొందరు చార్‌ఎట్ వదిలి సబ్‌స్ట్రింగ్‌కు మారతారు: మాట.సబ్‌స్ట్రింగ్(ఐ, ఐ + 1) == "ల". ఇది కంపైల్ అవుతుంది, కాని జవాబు సున్నా. స్ట్రింగ్‌ల మధ్య == గుర్తు రెండింటిలోని అక్షరాలను పోల్చదు, అవి రెండూ మెమరీలో ఒకే వస్తువా కాదా అని మాత్రమే అడుగుతుంది. సబ్‌స్ట్రింగ్ ప్రతిసారీ కొత్త వస్తువును తయారు చేస్తుంది కనుక జవాబు కాదనే వస్తుంది. మాట మొత్తం "ల" అనే ఒక్క అక్షరమే అయితే మాత్రం, సబ్‌స్ట్రింగ్ అడిగిన ముక్క మొత్తం స్ట్రింగే కనుక, జావా ప్రోగ్రాంలను నడిపే ప్రధాన ఉచిత సాధనమైన ఓపెన్‌జేడీకేలో అదే వస్తువు తిరిగి వచ్చి పోలిక నెగ్గుతుంది. ఒక్క అక్షరంతో పరీక్షించి బాగుందనుకున్నవారు పెద్ద మాటతో సున్నా చూసి తెల్లబోవడానికి కారణం ఇదే. చార్‌లను == తో, స్ట్రింగ్‌లను ఈక్వల్స్ మెథడ్‌తో పోల్చాలి.

మూడోది పెద్ద, చిన్న అక్షరాల తేడా. తెలుగులో ఈ తేడా లేదు గాని ఇంగ్లిష్ స్ట్రింగ్‌లలో క్యాపిటల్ ఏ విలువ 65, స్మాల్ ఏ విలువ 97. జావాకు అవి రెండు వేర్వేరు క్యారెక్టర్లు. తేడా పట్టించుకోకూడదనుకుంటే లూప్‌కు ముందే స్ట్రింగ్‌ను చిన్న అక్షరాల్లోకి మార్చాలి. మాట.టులోయర్‌కేస్(); అని ఊరికే పిలిస్తే ఏమీ మారదు. జావాలో స్ట్రింగ్ ఒకసారి పుట్టాక మారదు కనుక, ఆ మెథడ్ కొత్త స్ట్రింగ్‌ను చేసి ఇస్తుంది, దాన్ని మాట = మాట.టులోయర్‌కేస్(); అని పట్టుకోవాలి.

యూజర్ దగ్గర నుంచి మాట తీసుకునే ప్రోగ్రాంలలో నాలుగో కారణం కూడా ఉంటుంది. స్కానర్‌లోని నెక్స్ట్ మెథడ్ మొదటి ఖాళీ దగ్గరే ఆగిపోతుంది కనుక వాక్యంలో మొదటి పదం మాత్రమే లెక్కకు అందుతుంది. మొత్తం వరుస కావాలంటే నెక్స్ట్‌లైన్ వాడాలి. దానికి ముందు నెక్స్ట్‌ఇంట్‌తో సంఖ్య తీసుకుని ఉంటే, సంఖ్య తరువాత నొక్కిన ఎంటర్ అక్కడే మిగిలిపోయి, నెక్స్ట్‌లైన్‌కు ఖాళీ స్ట్రింగ్ వస్తుంది, లూప్ ఒక్కసారి కూడా తిరగదు. మధ్యలో ఒక నెక్స్ట్‌లైన్ అదనంగా పిలిచి ఆ మిగిలినదాన్ని తీసివేయాలి.

ఎన్నిసార్లున్నా ఒకటే వస్తుంటే

ఇంట్ లెక్క = 0; అన్న వరుస లూప్ లోపల ఉంటే ప్రతి చుట్టులోనూ లెక్క కొత్తగా సున్నా నుంచి పుడుతుంది. ఈ తప్పు సాధారణంగా రెండు అంచెల్లో జరుగుతుంది. మొదట లోపల ప్రకటించి బయట ముద్రించబోతే, లెక్క అనే పేరే తెలియదని కంపైలర్ చెబుతుంది. అప్పుడు ప్రకటనను బయటికి తేవడానికి బదులు ముద్రణను లోపలికి నెడతారు. కంపైలర్ ఊరుకుంటుంది, తెరమీద 0, 1, 0, 1 అని వరుసగా పడుతుంది. కంపైలర్ అభ్యంతరం పోవడం, ప్రోగ్రాం సరిగా ఉండడం రెండూ ఒకటి కావు.

లెక్క += 1 అని రాయబోయి లెక్క =+ 1 అని రాసినా ఇదే ఫలితం. అక్కడ కూడిక లేదు, ధన గుర్తున్న ఒకటిని లెక్కలో పెట్టడం మాత్రమే ఉంది. కంపైలర్ దీనికి అభ్యంతరం చెప్పదు.

దొరకనప్పుడు ఏదో ఒకటి చేయాలి కదా అని ఎల్స్ రాసి అందులో లెక్క = 0 అని పెట్టేవారిని చూశాను. "గలగల"లో 'ల' కోసం వెతికితే లెక్క 0, 1, 0, 1 అని సాగి చివరికి 1 వస్తుంది, 'గ' కోసం వెతికితే 1, 0, 1, 0 అని సాగి 0 వస్తుంది. దొరకనప్పుడు చేయవలసిన పని ఏమీ లేదు కనుక ఎల్స్ అవసరమే లేదు.

మెథడ్ రాసేటప్పుడు రిటర్న్ లెక్క; అన్నది ఇఫ్ లోపల పడితే మొదటి అక్షరం దొరకగానే మెథడ్ ముగిసిపోయి 1 వస్తుంది. దొరకని దారిలో రిటర్న్ లేదని కంపైలర్ అడిగితే చివర రిటర్న్ 0; చేర్చి సరిపెట్టుకోవడం వల్ల తప్పు మరింత స్థిరపడుతుంది. రిటర్న్ ఒక్కటే, లూప్ మూసిన తరువాతే ఉండాలి.

స్ట్రింగ్ పొడవే జవాబుగా వస్తుంటే

ఇఫ్ షరతు ప్రతిసారీ నెరవేరుతోందని, లేదా ఇఫ్‌తో సంబంధం లేకుండా లెక్క పెరుగుతోందని దీని అర్థం. ఇఫ్ (...) తరువాత సెమికోలన్ పడితే షరతు అక్కడితో ముగిసి, కింది లెక్క++ ప్రతి చుట్టులోనూ నడుస్తుంది. బ్రాకెట్లు లేకుండా ఇఫ్ కింద రెండు వరుసలు రాసినప్పుడు కూడా మొదటి వరుస మాత్రమే ఇఫ్‌కు చెందుతుంది. రెండో వరుసను ఎంత లోపలికి జరిపి రాసినా జావా ఆ ఖాళీని లెక్కలోకి తీసుకోదు. ఒక్క వరుసే ఉన్నా బ్రాకెట్లు పెట్టడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోవాలి.

దీనికంటే లోతైన తప్పు 'గ', 'ల' రెండూ కాని అక్షరాలను లెక్కపెట్టబోయి ఇలా రాయడం: సి != 'గ' || సి != 'ల'. తెలుగులో "గ కాకపోయినా, ల కాకపోయినా" అని చదివితే సరిగానే వినిపిస్తుంది. కాని సి లో 'గ' ఉన్నప్పుడు అది 'ల' కాదు కనుక రెండో భాగం నిజమవుతుంది, 'ల' ఉన్నప్పుడు మొదటి భాగం నిజమవుతుంది. ఏ అక్షరమైనా ఒకేసారి రెండూ కాలేదు కనుక మొత్తం షరతు ఎప్పుడూ నిజమే. "గ కూడా కాదు, ల కూడా కాదు" అని అనుకోవాలి, సి != 'గ' && సి != 'ల' అని రాయాలి.

అన్ని అక్షరాలనూ ఒకేసారి లెక్కపెట్టేటప్పుడు

ఒక్కొక్క అక్షరానికీ మొత్తం స్ట్రింగ్‌ను మళ్లీ తిరగడం కొత్తవారికి ముందుగా తోచే దారి. అప్పుడు "గలగల"కు 'గ' లెక్క రెండుసార్లు, 'ల' లెక్క రెండుసార్లు ముద్రితమవుతాయి. అంతేకాక 1,00,000 క్యారెక్టర్ల స్ట్రింగ్‌కు వెయ్యి కోట్ల పోలికలు అవసరమవుతాయి. అర్రే (వరుస సంఖ్యలున్న గదుల సమూహం) గాని మ్యాప్ (ఒక్కో అక్షరానికి దాని లెక్కను జతచేసే పట్టిక) గాని వాడితే ఒక్క చుట్టు చాలు.

ఇంగ్లిష్ చిన్న అక్షరాల కోసం 26 గదుల అర్రే తీసుకుని, క్యారెక్టర్ నుంచి స్మాల్ ఏ ను తీసివేసి గది సంఖ్య పొందే పద్ధతి బాగా వాడుకలో ఉంది. స్ట్రింగ్‌లో ఒక్క ఖాళీ ఉన్నా, దాని విలువ 32 కనుక 32 నుంచి 97 పోగా -65 వచ్చి, అర్రే హద్దు దాటిందని ఎక్సెప్షన్ వస్తుంది. ఆ ఎక్సెప్షన్‌లో -65 కనిపిస్తే ఖాళీ అనీ, -7 కనిపిస్తే క్యాపిటల్ జెడ్ అనీ వెనక్కి లెక్క కట్టుకోవచ్చు. గదిలోకి వెళ్లేముందు క్యారెక్టర్ ఆ హద్దుల్లో ఉందో లేదో చూడడమే పరిష్కారం. తెలుగు అక్షరాలకు, అన్ని లిపుల క్యారెక్టర్లకూ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు కనుక, 128 గదుల అర్రే తీసుకుని సి - 3072 అని వాడితే అదే పద్ధతి తెలుగుకూ పనిచేస్తుంది. 'గ' గది 23, 'ల' గది 50 అవుతాయి.

ఏ భాష క్యారెక్టర్లు వస్తాయో ముందుగా తెలియనప్పుడు మ్యాప్ మేలు. మ్యాప్‌లో ఇంకా లేని అక్షరానికి గెట్ పిలిస్తే నల్ (ఏమీ లేదన్న గుర్తు) వస్తుంది, దానికి ఒకటి కూడబోతే నల్ పాయింటర్ ఎక్సెప్షన్ వస్తుంది. 2014లో వచ్చిన జావా 8 నుంచి గెట్‌ఆర్‌డిఫాల్ట్ అనే మెథడ్ ఉంది కనుక మ్యాప్.పుట్(సి, మ్యాప్.గెట్‌ఆర్‌డిఫాల్ట్(సి, 0) + 1) అని ఒక్క వరుసలో ముగించవచ్చు. అక్షరాలు స్ట్రింగ్‌లో వచ్చిన వరుసలోనే ముద్రించాలంటే హ్యాష్‌మ్యాప్ కాక లింక్డ్‌హ్యాష్‌మ్యాప్ వాడాలి.

మ్యాప్‌లోని రెండు లెక్కలను పోల్చేటప్పుడు మాత్రం చాలా జాగ్రత్త అవసరం. అవి ఇంట్‌లు కావు, ఇంటీజర్ వస్తువులు. -128 నుంచి 127 వరకు విలువలకు జావా ఒకే వస్తువును తిరిగి వాడుతుంది కనుక == సరిగానే పనిచేసినట్టు కనిపిస్తుంది. ఒక అక్షరం 128 సార్లు వచ్చిన రోజున, రెండు లెక్కలూ సమానమైనా == సాధారణంగా కాదంటుంది. చిన్న స్ట్రింగ్‌లతో ఎంత పరీక్షించినా ఇది దొరకదు. ఇక్కడ కూడా ఈక్వల్స్ వాడాలి.

కోడ్‌లో తప్పు లేకున్నా లెక్క కంటికి సరిపోకపోతే

పై తప్పులన్నీ సరిదిద్దాక "తెలుగు" అనే మాట పొడవు అడిగితే 6 వస్తుంది. ఇది తప్పు కాదు. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు క్యారెక్టర్లు వరుసగా నిల్వ ఉంటాయి. "అమ్మ"లో అ, మ, పొల్లు, మ అని నాలుగుంటాయి. లెంగ్త్ మెథడ్ లెక్కపెట్టేది చదువరి అక్షరాలను కాదు, 16 బిట్ల చార్ యూనిట్లను.

ఆ 16 బిట్లలో 65,536 విలువలే పడతాయి, యూనికోడ్‌లో 11,14,112 స్థానాలున్నాయి. మిగిలినవాటిని జావా రెండేసి చార్‌లుగా నిల్వ చేస్తుంది. నవ్వు ముఖం ఇమోజీ సంఖ్య 1,28,512 కనుక అది ఒక్కటే ఉన్న స్ట్రింగ్ పొడవు 2. ఇలాంటివి వచ్చే చోట చార్‌ఎట్ బదులు, 2004 నాటి జావా 5 నుంచి ఉన్న కోడ్‌పాయింట్‌ఎట్ వాడి, అది ఇచ్చిన సంఖ్యను కోడ్ అనే ఇంట్ వేరియబుల్లో పెట్టుకుని, ఐ++ బదులు ఐ += క్యారెక్టర్.చార్‌కౌంట్(కోడ్) అని కదలాలి.

తెలుగు అక్షరాలను కంటికి కనిపించినట్టు లెక్కపెట్టాలంటే అది కూడా సరిపోదు. ఈజ్‌లెటర్ మెథడ్ గుణింతపు గుర్తులను, పొల్లును అక్షరాలుగా ఒప్పుకోదు కనుక, దానితో "తెలుగు"ను లెక్కపెడితే చక్కగా 3 వస్తుంది. పని అయిపోయిందనుకుని వదిలేస్తే "అమ్మ"కు 2 బదులు 3 వస్తుంది, ఎందుకంటే ఒత్తుగా కలిసిన రెండో 'మ' కూడా నిల్వలో పూర్తి 'మ' నే. పొల్లు వెనువెంటనే వచ్చిన హల్లును వదిలేయాలి. పొల్లు విలువ 3149:

చార్ ముందు = ' ';
ఫర్ (చార్ సి : మాట.టుచార్‌అరే()) {
    ఇఫ్ (క్యారెక్టర్.ఈజ్‌లెటర్(సి) && ముందు != 3149) {
        లెక్క++;
    }
    ముందు = సి;
}

ఇందులో ముందు = సి; అన్న వరుస ఇఫ్ లోపల పడితే పొల్లు ఎప్పటికీ నమోదు కాదు, "అమ్మ"కు మళ్లీ 3 వస్తుంది. వైల్ లూప్‌లో ఐ++ విషయంలో చూసిన తప్పే ఇక్కడ ఇంకో వేషంలో వస్తుంది. సరిగా రాస్తే "అమ్మ"కు 2, "తెలుగు"కు 3, రెండు ఒత్తులున్న "లక్ష్మి"కి 2, పొల్లుతో ముగిసే "విజయ్"కి 3 రావాలి.

జావా 9 నుంచి, స్ట్రింగ్ లోపల నమూనాలను వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో బ్యాక్‌స్లాష్ పక్కన పెద్ద ఎక్స్ రాస్తే యూనికోడ్ నియమాల ప్రకారం ఒక్కో అక్షర సముదాయం దొరుకుతుంది. అయితే హల్లు, పొల్లు, హల్లు కలిసి ఒకే సముదాయమన్న నియమం తెలుగుతో పాటు మరికొన్ని భారతీయ లిపులకు 2023లో యూనికోడ్ 15.1తోనే చేరింది. పాత నియమాలు పాటించే జావాలో "అమ్మ" మూడు ముక్కలుగానే విడిపోతుంది. కనుక ఆ దారిలో వెళ్లేవారు మీ జావా వెర్షన్‌లో "అమ్మ"ను ముందు పరీక్షించి చూసుకోండి. పై లూప్‌కు మాత్రం వెర్షన్‌తో పనిలేదు. "లైన్‌లో" వంటి మాటల్లో పొల్లు తరువాత ఒత్తు పడకుండా ఆపడానికి కంటికి కనబడని జోడింపు నిరోధక గుర్తు ఒకటి ఉంటుంది. ఆ గుర్తు అడ్డు వచ్చినప్పుడు 'ల' కు ముందున్నది పొల్లు కాదు కనుక, 'లో' ను లూప్ విడి అక్షరంగానే లెక్కపెట్టి, చదువరి కళ్లు చెప్పే 3 అనే జవాబే ఇస్తుంది.